పాటల పేళ్లలో అంకెలు

పాట హృదయమునకు చెందినది; లెక్క బుద్ధికి చెందినది. ఈ రెంటికిని పొత్తు కుదురదని సామాన్యముగ మన తలంపు. పద్దుల పుస్తకమును రాగము తీసి చదువువానిని చూచి నవ్వుదుము. అయినను పాశ్చాత్యదేశములలో మిక్కిలి ప్రచారము పొందిన పాటల పేళ్లను వరుసగ చూచితిమేని, వానియందు అంకెలు తఱచుగ కానవచ్చును. ఎనిమిది గంటలు, పదునాఱు టన్నులు, అఱువదియాఱవ నంబరు బాట, పందొమ్మిది, తొంబదితొమ్మిది అను పేళ్లతో లక్షలకొలది జనులు పాడుకొనిన పాటలు కలవు. ఈ అంకె లచ్చటి కెట్లు వచ్చినవి? అవి దేనిని లెక్కించుచున్నవి? ఈ ప్రశ్న చూచుటకు వినోదమాత్రముగ నున్నను, విచారించినకొలది గడచిన నూటయేబది సంవత్సరముల మానవచరిత్రలో నొక ముఖ్యభాగము దీనినుండి బయటపడుచున్నది.

మన వాఙ్మయమునందు సంఖ్యతో కూడిన పేళ్లు క్రొత్తవి కావు. నూఱు పద్యములో, నూటయెనిమిది పద్యములో యున్నచో శతకమందుము. పండ్రెండవ శతాబ్దివాడైన జయదేవుని గీతగోవిందమునందలి గేయములకు అష్టపదులని పేరు, అవి యిరువదినాలుగు. త్యాగరాజస్వామివారు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అను అయిదు ఘనరాగములలో రచించిన కృతులను పంచరత్నములని పిలుచుచున్నాము. అయితే ఈ సంఖ్య లన్నియు రచననే లెక్కించుచున్నవి. పద్యము లెన్ని, పాదము లెన్ని, కృతు లెన్ని యని చెప్పునేగాని, పాడువాడు దినమున కెన్నిగంటలు పనిచేసెను, ఎంత బరువు మోసెను, ఏ యేట యుద్ధమునకు పోయెను అని చెప్పవు. పందొమ్మిదవ శతాబ్దినుండి వచ్చిన జనప్రియగేయముల పేళ్లలోని అంకె యట్టిది కాదు. అది మనుష్యుని బ్రతుకును కొలిచిన అంకె. ఆ కొలత మొదట పాడువాడు వేసికొనినది కాదు. ఇతరులు వానిమీద వేసినది. ఈ భేదమును చదువరులు గమనింప ప్రార్థన.

యంత్రశాలలు రాకపూర్వము పని సూర్యునిబట్టి సాగెడిది. యంత్రశాల వచ్చినపిమ్మట పని గడియారమునుబట్టి సాగెను. గడియారము యజమానుని చేతిలో నుండెను. ఇంగ్లండునందలి తొలి నూలుమిల్లులలో యజమానులు గడియారమును తమ యిష్టమువచ్చినట్లు ముందునకు వెనుకకు త్రిప్పుచుండిరని కూలివారు మొఱపెట్టుకొనినట్లు నాటి వ్రాతలవలన తెలియుచున్నది. కావున శ్రామికుల మొదటి కోరిక ధనమునుగుఱించి మాత్రమే కాదు, అంకెనుగుఱించియు నైనది. దినమును మూడు సమభాగములు చేసి, ఎనిమిది గంటలు పనికిని, ఎనిమిది గంటలు వినోదవిజ్ఞానములకును, ఎనిమిది గంటలు విశ్రాంతికిని విడువవలెనని రాబర్టు ఓవెన్ అను సంస్కర్త 1817 ప్రాంతమున ప్రబోధించెను. అమెరికాలో ఐ. జి. బ్లాంచర్డు అనునాతడు ఈ విషయముమీద రచించిన గేయమునకు 1878లో జెస్సీ జోన్సు అను మతాచార్యుడు స్వరము కూర్చెను. ఆ పాట పేరే 'ఎయిట్ అవర్స్', అనగా ఎనిమిది గంటలు. 1886 మే 1వ తేదీన అమెరికాలో లక్షలకొలది పనివారు పని మానివేసి వీధులలోనికి వచ్చిన కాలమున ఈ పాట మిక్కిలి వ్యాప్తిలో నుండెను. అంతవఱకును అంకె యజమానుని గోడమీద నుండెను. ఇప్పుడది కూలివాని నోటికి వచ్చెను.

ఆ పాటలోని అంకె శాసనములలోనికి వచ్చుటకు చాలకాలము పట్టెను. 1919లో అంతర్జాతీయ కార్మికసంస్థ తన మొట్టమొదటి ఒడంబడికలో దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు నలుబదియెనిమిది గంటలు అని నిర్ణయించెను. కాని ఆ ఒడంబడికయందే బ్రిటిషిండియాకు ప్రత్యేకముగ వారమునకు అఱువది గంటలని వ్రాసిరి! అన్యదేశీయుని శరీరమునకు 48, మన శరీరమునకు 60. తరువాత 1934 నాటి ఫ్యాక్టరీల శాసనమున ఏడాదిపొడవునను నడచు కర్మాగారములలో ఆ సంఖ్య 54కు దిగెను. 1946 నాటి సవరణవలన 48కి దిగెను. 1948 నాటి శాసనము దానిని స్థిరపఱచెను. పాట పుట్టిన యేడాదినుండి లెక్కించినచో మన కర్మాగారపు కూలివానికి ఆ అంకె చేరుటకు సుమారు డెబ్బదియేండ్లు పట్టెనన్నమాట. ఇది కర్మాగారముల సంగతి. పొలములో పనిచేయువారి సంగతి ముందు చెప్పెదను.

ఇక బరువును లెక్కించిన పాట యొకటి కలదు. కెంటకీ రాష్ట్రమునందలి బొగ్గుగనుల ప్రాంతమున నొక గని కూలివాని కుమారుడైన మెర్ల్ ట్రావిస్ 1946లో 'సిక్స్‌టీన్ టన్స్' అను పాటను పాడి రికార్డు చేసెను. అప్పు డది పెద్దగా ప్రచారము పొందలేదు. 1955లో టెన్నెసీ ఎర్నీ ఫోర్డు అను గాయకుడు గంభీరకంఠముతో దానిని మరల పాడగా, ఒక నెల తిరుగకముందే పదిలక్షల ప్రతులు అమ్ముడుపోయెను. అమెరికాలోను, పిమ్మట ఇంగ్లండులోను విక్రయముల పట్టికలో అది మొదటి స్థానము నందెను. అమెరికాలో వాడుక టన్ను రెండువేల పౌనులు. పదునాఱు టన్నులనగా పదునాలుగున్నరవేల కిలోగ్రాములు. ఒక మనుష్యుడు పారతో అంత బొగ్గు నెత్తిపోసినను వానికి మిగులునది అప్పేయని ఆ పాటయొక్క సారము.

ఇది కవి యతిశయోక్తి యని తలంపరాదు. ఆ గనులలో కూలి దినమునకు గాక టన్నుకు ఇచ్చెడివారు. గనిచుట్టునున్న యిండ్లు కంపెనీవి, అంగడి కంపెనీది. జీతపుదినమునకు ముందు కూలివానికి డబ్బు కావలసినయెడల రొక్కము ఇయ్యక, కంపెనీ ముద్రవేసిన బిళ్లలో కాగితపు చీట్లో యిచ్చెడివారు. అవి ఆ కంపెనీ అంగడిలోనే చెల్లును. అచ్చట ధరలు తఱచుగ బయటికంటె హెచ్చు. జీతపుదినమున ఇంటియద్దె, పనిముట్లు, మందుగుండు, అంగడి బాకీ అన్నియు తీసివేయగా కొందఱికి చేతికి వచ్చునది సున్న. మఱియు బొగ్గును తూచు కాటాయు కంపెనీదే. కావున తూనికయొద్ద తమపక్షమున నొకడు నిలిచి చూచుచుండవలెనని గని కూలివారు అనేకసంవత్సరములు పోరాడవలసి వచ్చెను. ఇంగ్లండులో సరకుల రూపమున జీతమిచ్చు పద్ధతిని 1831 నాటి శాసనము నిషేధించెను. మన దేశమున 1936 నాటి వేతనముల చెల్లింపు శాసనము జీతమును చెలామణియందున్న నాణెములలోను నోట్లలోను మాత్రమే యియ్యవలెనని విధించెను. అమెరికాలో 1938 నాటి శాసనమునుండి ఈ చీట్ల పద్ధతి సడలజొచ్చెను.

ఈ పాటను తెలుగువాడు విన్నచో పరదేశపు మాటగా తోపదు. నైజాము రాజ్యమున భగేలా యని పేరుబడిన పద్ధతి యొకటి యుండెడిది. పెండ్లికో, చావుకో కొద్ది సొమ్ము అప్పు తెచ్చుకొనిన పేదవాడు, అది తీరువఱకు ఋణదాత పొలమున చాకిరి చేయవలెను. అప్పు తీరినదో లేదో చెప్పువాడు ఋణదాతయే. తండ్రి అప్పు కొడుకు మెడకు చుట్టుకొనెడిది. దీనిని అదుపునం దుంచుటకు 1936లో నైజాము ప్రభుత్వము శాసనము చేసినను అది యంతరింపలేదు. వెట్టిచాకిరిని దేశమంతట రద్దుచేయుచు పార్లమెంటు 1976లో శాసనము చేసెను. కెంటకీలో లెక్క కంపెనీ పుస్తకమునం దుండెను; తెలంగాణమున లెక్క దొర నాలుకమీద నుండెను. రెండుచోట్లను పనిచేసినవానికి లెక్క చూచుకొను అధికారము లేదు.

1946లోనే అమెరికాలో మఱియొక అంకె పాటయై వెలసెను. చికాగోనగరమునుండి పసిఫిక్ తీరమున లాస్ ఏంజలిస్ ప్రాంతమువఱకు సుమారు 2,400 మైళ్లు సాగిన రాజపథమునకు 1926లో 66వ నంబరు నిచ్చిరి. బాబీ ట్రూప్ అను తెల్లజాతి యువకుడు కాలిఫోర్నియాకు కారులో పోవుచు ఆ బాటపై నొక పాట కట్టెను. దానిని ప్రసిద్ధికి తెచ్చినవాడు నల్లజాతి గాయకుడు నాట్ కింగ్ కోల్. ఆ బాటను పట్టి పడమటికి పోయి సుఖపడుడని దాని పిలుపు. దేశమంతయు దానిని పాడుకొనెను. అయితే పాడినవాని జాతివారికి ఆ బాటపొడవున చాలచోట్ల బస దొరకెడిది కాదు, భోజనము పెట్టెడివారు కారు. కొన్ని యూళ్లలో ప్రొద్దుగ్రుంకినపిమ్మట నల్లవాడు కనబడరాదని కట్టడి. ఎచ్చట దిగవచ్చునో, ఎచ్చట తినవచ్చునో తెలుపుచు విక్టర్ గ్రీన్ అను నల్లజాతి తపాలా బంట్రోతు 1936లో ప్రారంభించిన మార్గదర్శిని ముప్పదియేండ్లు ప్రతులు వెలువరించవలసి వచ్చెను. కోల్ స్వయముగ 1948లో లాస్ ఏంజలిస్‌లో నొక యిల్లు కొనగా ఇరుగుపొరుగువారు అతడు రారాదని ఆందోళన చేసిరి. 1956లో తాను పుట్టిన అలబామా రాష్ట్రమునందే వేదికపై పాడుచుండగా దుండగులు మీదపడి కొట్టిరి. జనులు అతని కంఠమును ఇండ్లలోనికి రానిచ్చిరి గాని అతనిని రానిచ్చిరి కారు.

మన దేశస్థుల మీ చరిత్ర చదివి అమెరికావారిని నిందించి తృప్తిపడరాదు. 1924లో తిరువాన్కూరునందలి వైకమున సత్యాగ్రహము జరిగినది దేవాలయప్రవేశమునకు కాదు. దేవాలయముచుట్టునున్న బాటమీద నడచుటకు. బాటలు, బావులు, అంగళ్లు, భోజనశాలలు అందఱివని 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగమున వ్రాసికొనవలసి వచ్చెననిన, అంతకుముందు అవి అందఱివి కావనియే యర్థము. ఆ 66వ నంబరు బాటను 1985లో అధికారపట్టికనుండి తొలగించిరి. బాట పోయినను పాట నిలిచినది. పాటను విని సంతోషించుచు, ఆ బాటమీద ఎవరికి చోటులేకుండెనో మఱచినచో మనము సగము పాటనే విన్నవార మగుదుము.

1973లో బోస్టను నగరమున కచేరీలలో పనిచేయు స్త్రీలు కొందఱు సంఘముగ నేర్పడి, తక్కువ జీతములను అవమానములను ప్రతిఘటించిరి. ఆ సంఘముపేరు 'నైన్ టు ఫైవ్', అనగా తొమ్మిదినుండి అయిదువఱకు. దానినిబట్టియే 1980లో నొక చలనచిత్రము వచ్చెను. అందు నటించిన డాలీ పార్టన్ ఆ పేరుతోనే పాట వ్రాసి పాడెను. టైపుమిషను చప్పుడువలె తన గోళ్లను తాకించి తాళము వేసినదని ప్రసిద్ధి. 1981లో ఆ పాట అమెరికాలో మొదటి స్థానమునకు వచ్చెను. చదువరులు గమనింతురుగాక: తొమ్మిదినుండి అయిదునకు ఎనిమిది గంటలు. 1878 నాటి పాట కోరిన అంకెయే నూఱేండ్ల పిమ్మట క్రొత్త ఫిర్యాదైనది. అంకె దొరకినంతమాత్రమున న్యాయము దొరకదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి? మఱియు ఆ యెనిమిదిగంటలకు ముందును వెనుకను స్త్రీ యింట చేయు పనికి ఏ గడియారమును లేదు. మన ప్రభుత్వము 2019లో జరిపిన కాలవినియోగ పరిశీలనలో, ఇంటిపనులు చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును వానికై వెచ్చించుచున్నట్లు తేలెను. దాదాపు అయిదుగంటల యీ జీతములేని పనికి ఇంతవఱకు ఎవ్వరును పాట పేరు పెట్టినట్లు లేదు.

అంకె పాటలోనికి వచ్చినంతమాత్రమున సత్యమగునా? కాదు. 1985లో పాల్ హార్డ్‌కాసిల్ అను ఆంగ్లేయుడు 'నైన్‌టీన్' అను పాటను వెలువరించెను. వియత్నాము యుద్ధమున పోరాడిన అమెరికా సైనికుని సగటు వయస్సు పందొమ్మిది యని దాని ముఖ్యవిషయము. ఇంగ్లండులో అది అయిదువారములు మొదటి స్థానమున నిలిచెను. ఆ సంఖ్య నొక టెలివిజను చిత్రమునుండి గ్రహించిరి. లెక్కలు చూచినవారు ఇది సరికాదనిరి. ఆ యుద్ధమున మరణించినవారి సగటు వయస్సు సుమారు ఇరువదిమూడు. అయినను పాట అసత్యమని త్రోసివేయుటయు తొందరపాటే. మరణించిన యేబదియెనిమిదివేలకు పైబడినవారిలో పదివేలకు మించినవారు ఇరువదియేండ్లు నిండనివారు. పదునెనిమిదియేండ్లకే సైన్యమునకు పిలువదగిన ఆ కుఱ్ఱవానికి చాలరాష్ట్రములలో ఇరువదియొక్కటి వచ్చువఱకు ఓటు లేదు. తనను చావునకు పంపు ప్రభుత్వము నెన్నుకొను హక్కు లేనివాడు చావవలసి వచ్చెను. ఈ యన్యాయము స్పష్టపడినపిమ్మటనే 1971లో అమెరికావారు ఓటు వయస్సును పదునెనిమిదికి దించిరి. పాట తప్పు అంకె చెప్పినను సరియైన గాయమును చూపినది. చరిత్రకారుడు అంకెను దిద్దవలెను, గాయమును కప్పరాదు.

చివర చెప్పదలచినది 1983లో పశ్చిమజర్మనీలో నేనా అను గాయని బృందము వెలువరించిన '99 లుఫ్ట్‌బలోన్స్', అనగా తొంబదితొమ్మిది బెలూనులు. ఆ బృందమున గిటారు వాయించు కార్లో కార్గెస్ పశ్చిమబెర్లినులో నొక సంగీతసభయందు ఆకాశమునకు విడిచిన బెలూనులను చూచి, ఇవి గోడ దాటి ఆవలికి పోయినచో సైనికులు శత్రువిమానములని భ్రమపడుదురేమో యని తలంచి దానిని వ్రాసెను. ఆటబొమ్మలవలన యుద్ధము పుట్టి సర్వము నాశనమగుట ఆ కథ. కవి భయము వట్టిది కాదని అదే సంవత్సరము సెప్టెంబరు 26న తేలెను. సోవియట్ రష్యాలో ముందుహెచ్చరికల కేంద్రమున కావలియున్న స్టానిస్లావ్ పెట్రోవ్ అను అధికారికి అమెరికానుండి అయిదు అణ్వస్త్రములు వచ్చుచున్నవని యంత్రము సూచించెను. నిజముగ యుద్ధము చేయదలచినవాడు అయిదింటితో మొదలుపెట్టడని ఆతడు ఆలోచించి, అది పొరపాటని పైవారికి తెలిపెను. మేఘములమీద పడిన సూర్యకాంతిని ఉపగ్రహము అణ్వస్త్రముగ పొరబడినట్లు పిమ్మట తెలిసెను. యంత్రమిచ్చిన అంకెను ఒక మనుష్యుడు మాఱుమాట లేక నమ్మియుండినచో ఏమయ్యెడిదో ఊహింపవచ్చును.

పాటల పేళ్లలోని ప్రతి యంకెయు ఇట్టి గంభీరార్థము గలదని నే ననను. 1940లో గ్లెన్ మిల్లర్ వాద్యబృందము ప్రసిద్ధము చేసిన 'పెన్సిల్వేనియా 6-5000' న్యూయార్కునందలి యొక హోటలు టెలిఫోను నంబరు మాత్రమే. ప్రాసకొఱకును, వేడుకకొఱకును పెట్టిన అంకెలును కలవు. అయినను పైని చెప్పిన పాటలు వినినపుడు మనము వేసికొనవలసిన ప్రశ్నలు మూడు: ఈ లెక్క వేసినవాడెవడు? లెక్కలోనికి వచ్చినవాడెవడు? లెక్క చూచుకొను హక్కు ఎవనికి కలదు?

ఈ ప్రశ్నలతో మన యింటివైపు తిరిగి చూతము. మన పల్లెలలో నాట్లు వేయుచు, కలుపు తీయుచు, దంచుచు, విసరుచు స్త్రీలు పాడిన పాటలు వేలకొలది కలవు. వానిని సేకరించిన పండితుల కృషి మిక్కిలి కొనియాడదగినది. అయితే మనము పాటను వ్రాసికొంటిమి. రాగమును, ఛందస్సును విచారించితిమి. ఆ పాట పాడిన స్త్రీ ఆ దినమున ఎన్నిగంటలు బురదలో వంగియుండెనో, సాయంకాలము ఎన్ని మానికల ధాన్యము కొంగున పోసిరో, ప్రక్కనే అదే మడిలో పనిచేసిన పురుషునికి ఎన్ని పోసిరో తఱచుగ వ్రాసికొనలేదు. పొలపుకూలికి గంటల లెక్క నేటికిని సరిగ లేకపోవుటకు ఇదియు నొక సాక్ష్యము. ఇకమీదట జానపదగేయములను సేకరించువారు ప్రతి పాటక్రిందను ఆ పని గంటలను, ఆ కూలిని వ్రాసియుంచవలెనని నా మనవి. అట్లు చేసినచో మన పాటకును ఒక అంకె యేర్పడును. అది పద్యములను లెక్కించు అంకె కాదు; పాడినవారి ప్రాణమును లెక్కించు అంకె. ఆ లెక్క వారికే చదివి వినిపించినప్పుడు, తమకు రావలసినదెంతయో వారే చెప్పగలరు.